శిలలలోని చేపలకు పేర్లు పెట్టిన లూయీ అగాసీ

నశించిపోయిన మత్స్యజాతులను రాతిపొరలనుండి వెలికితీసి, వాటిని ఒక క్రమములో కూర్చిన మహాపండితుడు లూయీ అగాసీ. ఆయన జీవితమును మా విద్యార్థుల ముందు సంక్షేపముగా ఉంచదలచినాము.

అగాసీ 1807 మే 28న స్విట్జర్లాండులోని మోటియే గ్రామములో ఒక క్రైస్తవ మతాచార్యుని ఇంట జన్మించారు. 1830లో వైద్యపట్టము పొందినను ఆయన మనస్సు చేపలపైననే నిలిచినది. పారిస్‌లో కువియే పండితుడు ఈ యువకుని ప్రతిభను గుర్తించి, శిలాజ మత్స్యములపై తాను సేకరించిన విషయములన్నియు ఆయనకే అప్పగించారు. 1832లో అగాసీ నూషాటెల్‌లో ఆచార్యులైనారు. 1833 నుండి పదేండ్లు శ్రమించి ఐదు సంపుటముల ఉద్గ్రంథమును వెలువరించారు.

చేప దేహము కుళ్లిపోయినను గట్టి పొలుసు రాతిలో నిలుస్తుంది. అందుచేత పొలుసుల స్వరూపమును బట్టి ఆయన చేపలను నాలుగు వర్గములుగా విభజించారు. అయితే అంతర్నిర్మాణమును పరిశీలించిన జర్మను పండితుడు ముల్లర్ 1840 దశకములోనే ఆ విభజనను సవరించారు.

అంతకంటె విచిత్రమైనది గ్లారుస్ పలకరాతి కథ. అందులో దొరికిన ఆనెంకెలమ్ అను పట్టీవంటి చేప, నేడు లోతు సముద్రములలో తిరుగు లెపిడోపస్ చేపలకు దగ్గరి బంధువు. దేహపు కొలతలలోని భేదములను బట్టి అగాసీ దానిని పలు జాతులుగా లెక్కించారు. 1886లో వెట్‌స్టైన్ అవన్నియు ఒకే జాతియని నిరూపించారు. పర్వతములు ముడుతలు పడిన కాలమున రాయి సాగినది. సాగిన దిక్కున పడియున్న చేప సన్నగా పొడుగైనది; అడ్డముగా పడియున్నది పొట్టిగా వెడల్పైనది. భేదము రాతిదే గాని చేపది కాదు!

1839లో ఆయన శిలాజమును చూచి సీలకాంథస్ అని నామకరణము చేశారు. ఏనాడో అంతరించినదని తలచిన ఆ గణమునకు చెందిన సజీవ మత్స్యము 1938లో దక్షిణాఫ్రికా తీరమున వలలో పడగా, పండితులు దానిని పోల్చుకొనగలిగినది ఇట్టి శిలాజముల జ్ఞానము వల్లనే.

1846లో అమెరికా చేరిన అగాసీ 1859లో హార్వర్డులో జంతుశాస్త్ర ప్రదర్శనశాలను స్థాపించారు. కాని జీవపరిణామ వాదమును తుదివరకు అంగీకరింపలేదు. మానవజాతులు వేర్వేరుగా పుట్టినవన్న వాదమును సైతము సమర్థించి, బానిసత్వమును కోరువారికి ఊతమిచ్చారు. 1873 డిసెంబరు 14న కన్నుమూశారు.

పైరూపమును చూచి ఒకే జాతిని పలుజాతులుగా ఎంచిన పొరపాటు చేపల విషయమున శాస్త్రమును మాత్రమే బాధించినది. మనుష్యుల విషయమున మనుష్యులనే బాధించినది. ఆయన శ్రమను మనము అనుసరింతము. ఆయన గీచిన గీతలను మాత్రము పరీక్షించి చూతము.