కండరంలోని శక్తి గుట్టు విప్పిన భీమవరం బిడ్డ

కూకట్‌పల్లి: బాలానగర్ మీదుగా వచ్చిపోయేవారికి ఐడీపీఎల్ పేరు సుపరిచితమే. 1960వ దశకంలో వెలసిన ఆ ప్రభుత్వ ఔషధ కర్మాగారం వల్లనే మందుల తయారీ ఈ ప్రాంతపు జీవనాధారంగా మారింది. అయితే మనం తిన్న అన్నం శక్తిగా ఎలా మారుతుందో లోకానికి తెలియజెప్పినవారిలో ఒక తెలుగువాడున్నాడన్న సంగతి ఇక్కడి మందుల దుకాణాల ముందు నిలుచునేవారిలో కొద్దిమందికే తెలుసు. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. పదమూడో ఏట ఇల్లు విడిచి కాశీలో అరటిపళ్లు అమ్ముకుని ధనవంతుడు కావాలని బయలుదేరగా, తల్లి వెంకమ్మ వెనక్కు రప్పించి బడిలో కూర్చోబెట్టారు. మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గట్టెక్కింది. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు గౌను ధరించి శస్త్రచికిత్స తరగతికి వెళ్లినందుకు ఆంగ్లేయ ఆచార్యుని ఆగ్రహానికి గురయ్యారు. ఎంబీబీఎస్‌కు బదులు ఎల్ఎంఎస్ పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. అంతలోనే ఇద్దరు సోదరులు రోజుల వ్యవధిలో మరణించారు. వారిలో ఒకరిని బలిగొన్నది స్ప్రూ అనే పేగు వ్యాధి. తిన్నది ఒంటబట్టక మనిషి శుష్కించి పోయే ఆ జబ్బుకు నాడు మందు లేదు.

మామగారి అండతో, కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ సాయంతో 1922లో బోస్టన్ చేరారు. భార్య శేషగిరి ఇక్కడే ఉండిపోయారు. పొట్టకూటికి ఆస్పత్రిలో రాత్రిపూట చిన్న పనులు చేస్తూ హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్ వద్ద పరిశోధన సాగించారు. రక్తంలోనూ, కణజాలంలోనూ భాస్వరం ఎంత ఉన్నదో నీలిరంగు గాఢతను బట్టి కొలిచే పద్ధతిని 1925లో ఇద్దరూ ప్రకటించారు. చూడటానికి చిన్న కొలత. కానీ అసలు తలుపు తెరిచింది అదే.

కండరం కదలడానికి లాక్టిక్ ఆమ్లమే మూలమని నాటి పండితుల విశ్వాసం. ఆ కృషికి 1922 సంవత్సరపు నోబెల్ బహుమతి సైతం లభించింది. సుబ్బారావు, ఫిస్క్‌లు కొలిచి చూడగా, కండరం పని చేసినప్పుడు తరిగి, విశ్రాంతిలో తిరిగి పెరిగే భాస్వర పదార్థం బయటపడింది. అదే ఫాస్ఫోక్రియాటిన్. 1929లో ఏటీపీని వేరుచేశారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ సైతం విడిగా దానిని కనుగొన్నారు.

ఏటీపీ అంటే జీవకణం చేతిలోని చిల్లర అనుకోవచ్చు. అన్నం, కొవ్వు దాచిపెట్టిన ధనమైతే, నడకకైనా, ఊపిరికైనా, గుండె కొట్టుకోవడానికైనా అక్కడికక్కడ చెల్లేది ఏటీపీయే. ఎంజైములు దాని చివరి భాస్వర భాగాన్ని విడదీసినప్పుడు వెలువడే శక్తితోనే కణం పని జరుగుతుంది. మళ్లీ ఆహారపు శక్తితో ఆ భాగం అతుక్కుంటుంది. ఒక్క క్షణంలో ఒంట్లో ఉండే ఏటీపీ వంద గ్రాములకు మించదు. అయినా రోజు తిరిగేసరికి దాదాపు మనిషి బరువంత ఏటీపీ ఇలా విరిగి, అతుకుతూ ఉంటుంది. చీమకైనా, చింతచెట్టుకైనా ఇదే పద్ధతి.

ఇంత చేసినా హార్వర్డ్‌లో ఆయనకు శాశ్వత ఉద్యోగం దక్కలేదు. 1940లో లెడర్లీ ఔషధ సంస్థకు వెళ్లిపోయారు. అది మనకు మేలే అయింది. ఆయన నాయకత్వంలోని బృందం 1945లో ఫోలిక్ ఆమ్లం కృత్రిమ తయారీని ప్రకటించింది. స్ప్రూ రోగులను కోలుకునేలా చేసిన మందు అదే. సోదరుని మరణానికి పాతికేళ్ల తరువాత వచ్చింది. నేడు గర్భిణులకు ఆరోగ్య కేంద్రాలలో ఇచ్చే ఐరన్ మాత్రలో కలిసి ఉండేదీ అదే. బోదకాలు నివారణకు ఇంటింటికీ పంచే డీఈసీ మాత్ర, ఆరియోమైసిన్, రక్తక్యాన్సర్ బాలలపై సిడ్నీ ఫార్బర్ ప్రయోగించిన అమినోప్టెరిన్ కూడా ఆ ప్రయోగశాల నుంచే వచ్చాయి.

1948 ఆగస్టులో, 53వ ఏట, న్యూయార్క్‌లో గుండెపోటుతో కన్నుమూశారు. పుట్టిన బిడ్డ పసితనంలోనే పోయాడన్న వార్త ఉత్తరంలో చదువుకున్నారే తప్ప ముఖం చూడలేదు. అమెరికాలో దాదాపు ఇరవై ఆరేళ్లు గడిపినా ఆ దేశ పౌరసత్వం స్వీకరించలేదు. స్వదేశానికి తిరిగి రానూ లేదు. శతజయంతి ఏడాది 1995లో భారత తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు విడుదల చేసింది.