ప్రాణశక్తి అన్వేషి - యల్లాప్రగడ సుబ్బారావు

మానవ మస్తిష్కం ఎముకల పేటికలో భద్రపరచిన నిధి వంటిది. దానిని తెరవకుండానే, సూది మొన అయినా తాకించకుండానే, లోపలి రసాయన ద్రవ్యాల పాళ్లను తెలుసుకొనే పరీక్ష ఒకటి నేడు వైద్యులకు అందుబాటులో ఉంది. దానిని అయస్కాంత అనునాద వర్ణపట పరీక్ష అంటారు. ఆ పరీక్ష చూపే పదార్థాలలో ముఖ్యమైన రెండింటి చరిత్రలో ఒక తెలుగువాని పేరు ముడిపడి ఉంది. ఆయనే యల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తల్లి వెంకమ్మ, తండ్రి జగన్నాథం. బాల్యంలో ఆయనకు చదువుపై ఆసక్తి అంతంత మాత్రమే. కాశీలో యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనం గడించాలని ఇల్లు విడిచి బయలుదేరగా, తల్లి పట్టుపట్టి వెనక్కి రప్పించింది. మెట్రిక్యులేషన్ మూడవ ప్రయత్నంలో గాని గట్టెక్కలేదు. ఇంతలో స్ప్రూ అనే గ్రహణి వ్యాధి ఆయన సోదరుని బలిగొన్నది. కొద్ది రోజుల వ్యవధిలోనే మరొక సోదరుడూ మరణించాడు. సన్న్యాసం వైపు మొగ్గిన మనస్సు వైద్యవిద్య వైపు మళ్లింది.

మద్రాసు వైద్య కళాశాలలో చదువుతున్నప్పుడు గాంధీజీ పిలుపునందుకొని ఖద్దరు ధరించి శస్త్రచికిత్స తరగతికి వెళ్లారు. ఆచార్యుని ఆగ్రహానికి గురయ్యారు. తత్ఫలితంగా ఎం.బి.బి.ఎస్. పట్టాకు బదులు తక్కువ స్థాయి ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసివచ్చింది. మామగారి ధనసహాయంతో అమెరికా చేరి, ఆస్పత్రిలో రాత్రివేళ సేవకునిగా పనిచేస్తూ, పగలు హార్వర్డులో విద్య కొనసాగించారు.

అక్కడ సైరస్ ఫిస్కేతో కలిసి రక్తంలోని, మూత్రంలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. భాస్వరం ఎంత ఉంటే ద్రావణానికి నీలిరంగు అంత చిక్కగా వస్తుంది. అయితే కండరరసంతో పరీక్షించినప్పుడు ఆ రంగు వెంటనే రాక, మెల్లమెల్లగా చిక్కబడింది. మరొకరైతే దానిని పరికరదోషమని తోసిపుచ్చేవారేమో! వారు ఆ ఆలస్యాన్నే ఆధారంగా పట్టుకున్నారు. ఆమ్లంలో క్రమంగా విడిపోయే ఒక భాస్వర సమ్మేళనం అందులో ఉన్నదని గ్రహించి 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను వెల్లడించారు. అదే సంవత్సరం ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులు కూడా ఆ పదార్థం ఉనికిని గుర్తించారు. 1929లో ఫిస్కే, సుబ్బారావులు ఎ.టి.పి.ని వేరుపరిచారు. జర్మనీలో కార్ల్ లోమన్ స్వతంత్రంగా అదే ఏడాది దానిని కనుగొన్నారు. ఎ.టి.పి. జీవకణానికి చేతిలోని రొక్కం వంటిది. అది తరిగిపోగానే భర్తీ చేసే నిల్వ ఫాస్ఫోక్రియాటిన్. సోమందేపల్లె మెట్టచేనులో గడ్డపార ఎత్తి రాతినేలపై వేసే రైతు కండరాలకు ఆ తొలిక్షణాల బలాన్ని సమకూర్చేది ఈ నిల్వయే.

ఇంత సాధించినా హార్వర్డు ఆయనకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. ఫిస్కే అసూయ వల్ల సుబ్బారావు పరిశోధనలు కొన్ని వెలుగు చూడలేదని, అదే ప్రయోగశాలలో పనిచేసి తరువాత నోబెల్ బహుమతి పొందిన జార్జి హిచింగ్స్ అభిప్రాయపడ్డారు. సుబ్బారావు 1940లో లెడర్లీ సంస్థలో చేరారు. అక్కడ ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. సోదరుని కబళించిన స్ప్రూకు అది మందు. బోదకాలుకు హెట్రజాన్ కూడా ఆయన నాయకత్వంలోనే వెలువడింది. 1948 ఆగస్టులో, 53 ఏళ్ల వయస్సులో ఆయన నిద్రలోనే కన్నుమూశారు.

ఆయన విడిచి వచ్చిన హార్వర్డులోనే 1945 డిసెంబరులో ఎడ్వర్డ్ పర్సెల్ బృందం పరమాణు కేంద్రకాల అయస్కాంత అనునాదాన్ని గమనించింది. భాస్వరపు కేంద్రకం అతిసూక్ష్మమైన అయస్కాంతం. బలమైన అయస్కాంత క్షేత్రంలో ఉంచి రేడియో తరంగాలతో తట్టితే అది బదులు పలుకుతుంది. ఏ సమ్మేళనంలో ఉన్నదో దానిని బట్టి ఆ పలుకు కొద్దిగా మారుతుంది. 1974లో ఆక్స్‌ఫర్డు శాస్త్రజ్ఞులు ఎలుక కండరాన్ని ఇలా పరీక్షించగా, ఎ.టి.పి.కి మూడు శిఖరాలు, ఫాస్ఫోక్రియాటిన్‌కు ఒకటి స్పష్టంగా కనిపించాయి.

1983లో లండన్ యూనివర్సిటీ కాలేజీ వైద్యబృందం నవజాత శిశువుల మెదళ్లను ఈ విధంగా పరిశీలించింది. పుట్టుకవేళ ఊపిరందక అల్లాడిన పసికందులలో ఫాస్ఫోక్రియాటిన్ శిఖరం కుంగి, విడి ఫాస్ఫేటు శిఖరం పెరగడం కనిపించింది. కొందరిలో ఈ మార్పు పుట్టిన వెంటనే గాక, కొంత వ్యవధి తరువాత బయటపడింది. పైకి కుదుటపడినట్లున్న బిడ్డ మెదడులో నిల్వ ఎలా తరిగిపోతున్నదో వైద్యులు ఆ గీతలలో చదవగలిగారు.