డానియేల్ మర్ఫీ మేత్రాణులు

వికారాబాదులో గాని, తాండూరులో గాని రైలెక్కి సికింద్రాబాదులో దిగిన మన విశ్వాసులలో సెయింట్ మేరీస్ దేవాలయంలో మోకరించి రానివారు తక్కువ. ఆ దేవాలయానికి పునాది వేసిన గురువు పేరు అడిగితే మాత్రం చాలామందిమి తడుముకుంటాము. ఆయనే డానియేల్ మర్ఫీ. హైదరాబాదు పీఠానికి ప్రథమ పాలకులు.

మర్ఫీగారు 1815లో ఐర్లండు దేశంలోని కార్క్ ప్రాంతంలో జన్మించారు. మేనూత్ గురువిద్యాలయంలో చదివి, 1838లో గురుపట్టం పొంది, స్వదేశంలో ఒక విచారణ చూసుకొని సుఖంగా ఉండక మద్రాసు మిషనుకు ఓడ ఎక్కారు. అక్కడినుండి నిజాం రాజ్యానికి వచ్చారు. వాడి - సికింద్రాబాదు రైలుమార్గం మన ఊళ్ల మీదుగా పడింది 1874లో. అప్పటికి ఆయన ఈ ప్రాంతాన్ని విడిచి పదేండ్లు! ఇక ఆ రోజుల ప్రయాణం ఎట్టిదో పాఠకులే ఊహించుకోవచ్చు.

సికింద్రాబాదు దండులో ఆనాడు ఐరిష్ సిపాయిలు చాలామంది ఉండేవారు. ఊరుగాని ఊరిలో వారికి దివ్యపూజ చేసేవారు, చావుబ్రతుకులలో దేవద్రవ్యానుమానాలు ఇచ్చేవారు కావాలి. వారికోసం మర్ఫీగారు 1840లో తలపెట్టిన దేవాలయం పూర్తి అయ్యేసరికి 1850 వచ్చింది. నడుమ 1846లో ఐర్లండులోనే ఆయనకు మేత్రాణుల అభిషేకం జరిగింది. 1851లో హైదరాబాదు మద్రాసునుండి వేరుపడి వికారియేటు కాగా, దాని భారం ఆయన భుజాలపై పడింది. సెయింట్ మేరీస్ మన తొలి కథీడ్రల్ అయింది. నిజం చెప్పవలెనంటే అది మొదట దండు గుడే. తెలుగు పల్లెల వంతు తరువాత వచ్చింది. అందుకని ఆయన్ను తక్కువ చేయడం న్యాయం కాదు.

1855లో మిలాను మిషను సెమినరీనుండి గురువులు వచ్చారు. ఆ సెమినరీ పుట్టి అప్పటికి అయిదేండ్లే. 1858లో అదే సంస్థవారు చీనాకు వెళ్లి హాంకాంగులోను, తరువాత హోనాన్ రాష్ట్రంలోను మిషనులు నడిపారు. ఆ విధంగా ఆ చీనా మేత్రాసనాలు, మనము ఒకే తల్లి పాలు త్రాగినవారమే. కొత్తగా వచ్చినవారు వేరే దేశంవారు, వేరే భాషవారు. పదిహేడేండ్ల శ్రమ ఒంటిమీద ఉన్న ఐరిష్ మేత్రాణులు వారితో కలిసి పనిచేశారు. 1864లో ఆరోగ్యం చెడి పదవి విడువగా, మిషను మిలాను గురువుల చేతికి వచ్చింది. బార్బెరో మేత్రాణులు, 1871లో వచ్చిన సెయింట్ ఆన్స్ మఠకన్యలు, 1886లో మేత్రాసన స్థాపన - ఈ చరిత్ర మనకు కంఠతా వచ్చు. ‘ఇటలీ స్వాములు’ అన్న మాటలో మర్ఫీగారు మరుగున పడ్డారు.

ఆరోగ్యం చెడిన ఆ మనిషి ఇంకా నలభై ఏండ్లకు పైగా జీవించారంటే ఆశ్చర్యమే. 1865లో ఆస్ట్రేలియా దక్షిణాన టాస్మేనియా ద్వీపంలోని హోబర్టుకు మేత్రాణులుగా నియమింపబడ్డారు. స్వంత సోదరి మదర్ జేవియర్ మర్ఫీ 1866లో ప్రెజెంటేషన్ మఠకన్యలను ఆ ద్వీపానికి తెచ్చారు. అక్కడి కథీడ్రల్ కూడ మరియమాతదే. కట్టడంలో లోపాలు బయటపడగా దానిని విప్పించి, తిరిగి కట్టించి, 1881లో తెరిపించారు. 1888లో అగ్రపీఠాధిపతి అయ్యారు. ఖగోళశాస్త్రమంటే వారికి మహా ఇష్టం.

1907 డిసెంబరు 29న, తొంబది రెండవ ఏట, హోబర్టులో కన్నుమూశారు. సికింద్రాబాదులో ఆయన కట్టిన దేవాలయానికి 2008లో రోమునుండి బసిలికా గౌరవం లభించింది.