హిజ్కియా మహారాజు

పశ్చిమాసియాలో, మధ్యధరా సముద్రపు తూర్పు తీరమునకు సమీపమున, ప్రాచీన కాలమునందు ఇశ్రాయేలీయులను జాతివారు నివసించుచుండిరి. దావీదు, సొలొమోను అను రాజుల కాలమున ఆ జాతి యంతయు ఒకే రాజ్యముగా నుండెను. సొలొమోను మరణించిన పిదప, క్రీ.పూ. 10వ శతాబ్దమున, ఆ రాజ్యము రెండుగా చీలెను. ఉత్తర భాగమునకు ఇశ్రాయేలు రాజ్యమనియు, దక్షిణ భాగమునకు యూదా రాజ్యమనియు పేర్లు కలిగెను. యూదా రాజ్యమునకు యెరూషలేము రాజధాని. ఆ నగరమునందే సొలొమోను కట్టించిన దేవాలయముండెను.

ఈ రెండు రాజ్యములను ఏలిన రాజుల చరిత్రలు బైబిలు గ్రంథమున కలవు. ఆ చరిత్రకారులు రాజును కొలుచుటకు అతని సైన్యమును గాని, భాండాగారమును గాని కొలబద్దగా గైకొనలేదు. దేవునియెడల అతని నడవడి యెట్టిదని మాత్రమే విచారించిరి. ఆ కొలబద్దకు నిలిచిన రాజులు కొలదిమంది. వారిలో హిజ్కియా అగ్రగణ్యుడు. అయినను అతని తప్పులను గూడ వారు దాచలేదు. అందువలననే అతని జీవితము పాఠముగా నిలిచినది.

హిజ్కియా తండ్రి ఆహాజు. ఆహాజు కాలమున ఉత్తరదిక్కున అష్షూరు సామ్రాజ్యము మహాబలముతో విజృంభించెను. చిన్న రాజ్యములన్నియు దాని పేరు విన్నంతనే వణకుచుండెను. పొరుగు రాజులు తనపై దండెత్తి రాగా, ఆహాజు భయపడి అష్షూరు చక్రవర్తి శరణు జొచ్చెను. దేవాలయమునందలి వెండి బంగారములను తీసి అతనికి కానుకగా పంపెను. నాటినుండి యూదా అష్షూరునకు కప్పము కట్టు రాజ్యమయ్యెను. ఆహాజు అంతటితో ఆగలేదు. పరదేశపు బలిపీఠమును చూచి అట్టిదానినే యెరూషలేములో కట్టించెను. తుదకు దేవాలయపు తలుపులను మూయించెను.

ఇట్టి తండ్రికి పిమ్మట హిజ్కియా 25 సంవత్సరముల వయస్సున సింహాసనమెక్కి 29 సంవత్సరములు రాజ్యమేలెను. అతని కాలము క్రీ.పూ. 8వ శతాబ్దపు చివరి భాగము, 7వ శతాబ్దపు తొలి భాగము. రాజైన మొదటి సంవత్సరము మొదటి నెలలోనే అతడు చేసిన మొదటి పని తండ్రి మూయించిన తలుపులను తెరపించుట. యాజకులను, లేవీయులను సమకూర్చి ఆలయమును శుద్ధి చేయుమని ఆజ్ఞాపించెను. వారు లోపల పేరుకొనిన కల్మషమును మోసికొనిపోయి కిద్రోను వాగులో పారవేసిరి. ఈ పని ముగియుటకు 16 దినములు పట్టెను.

పిమ్మట అతడు పస్కా పండుగను ఆచరింప సంకల్పించెను. ఇశ్రాయేలీయులు ఐగుప్తు దాస్యమునుండి విడుదల పొందిన దినమును స్మరించు పండుగ అది. తన ప్రజలనేగాక ఉత్తర దేశపు ప్రజలను గూడ రమ్మని అంచెవాండ్రచేత లేఖలు పంపెను. అక్కడ పెక్కుమంది ఆ అంచెవాండ్రను పరిహసించిరి. కొందరు మాత్రము తమ్ము తాము తగ్గించుకొని యెరూషలేమునకు వచ్చిరి. విడిపోయిన అన్నదమ్ములు ఆ విధముగా ఒక్కచోట చేరి పండుగ చేసికొనిరి.

దేశమునందలి విగ్రహములను తొలగించునపుడు హిజ్కియా ఒక సాహసకార్యము చేసెను. పూర్వము ఇశ్రాయేలీయులు అరణ్యమున సంచరించునపుడు సర్పములు వారిని కరువగా, వారి రక్షణకై మోషే ఒక ఇత్తడి సర్పమును చేయించెను. అది తరతరములుగా భద్రముగా నుండెను. కాని కాలక్రమమున ప్రజలు ఉపకారము చేసిన దేవుని మరచి ఆ ఇత్తడి ముద్దకే ధూపము వేయసాగిరి. హిజ్కియా దానిని పగులగొట్టించెను. పూజ్యుడైన పూర్వికుడు చేసినదైనను, సత్యమునకు అడ్డుపడినపుడు దానిని విడువవలెనని అతడు తెలిసికొనెను. అతడు విద్యాప్రియుడు కూడ. సొలొమోను పేర వ్యాప్తిలోనున్న సామెతలలో కొన్నిటిని అతని ఆస్థానమువారు ప్రతులు వ్రాసి కాపాడినట్లు సామెతల గ్రంథము వలన తెలియుచున్నది.

క్రీ.పూ. 722 ప్రాంతమున అష్షూరీయులు ఉత్తర రాజ్యపు రాజధానియైన షోమ్రోనును పట్టుకొని, అచటి ప్రజలలో వేలకొలది జనులను దూరదేశములకు తరలించిరి. ఇశ్రాయేలు రాజ్యము భూమిమీద లేకుండ పోయెను. ఇక మిగిలినది చిన్న యూదా రాజ్యమొక్కటే. క్రీ.పూ. 705లో అష్షూరు చక్రవర్తి సర్గోను యుద్ధమునందు మరణించెను. అతని కుమారుడు సన్హెరీబు సింహాసనమెక్కెను. ఆ తరుణమున హిజ్కియా అష్షూరునకు కప్పము కట్టుట మానెను. మహాసైన్యము తనపైకి వచ్చుట తథ్యమని అతడెరుగును. కావున దేవుని నమ్మిన ఆ రాజు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. శిథిలమైన ప్రాకారములను బాగుచేయించెను. ఇండ్లను పడగొట్టి, ఆ రాళ్లతో గోడలను బలపరచిరి. 20వ శతాబ్దమున జరిగిన త్రవ్వకములలో ఇంచుమించు 7 మీటర్ల మందము గల అట్టి గోడ యొకటి బయల్పడినది.

కోటకు గోడ యెంత ముఖ్యమో నీరు అంత ముఖ్యము. యెరూషలేమునకు నీరిచ్చు గిహోను ఊట కొండ దిగువన నున్నది. శత్రువులు దానిని ఆక్రమించినచో నగరవాసులు దాహముతో లొంగక తప్పదు. కావున హిజ్కియా ఆ ఊటను పైకి కానరాకుండ మూయించి, కొండ గర్భమున సొరంగము త్రవ్వించి, నీటిని నగరములోని కోనేటికి మరలించెను. ఆ సొరంగము పొడవు 533 మీటర్లు. పనివారు రెండు జట్లుగా ఏర్పడి రెండు కొనలనుండియు రాతిని తొలచుచు వచ్చిరి. లోపల కటిక చీకటి. నూనె దీపములు, గునపములు, ఉలులు తప్ప వేరు సాధనములు లేవు. దారి వంకరటింకరగా సాగినను వారు లక్ష్యము తప్పలేదు. నడుమ నున్న రాయి కొలది మూరలు మిగిలినపుడు ఒక జట్టువారి కేకలు రెండవ జట్టువారికి వినిపించెను. ఆ ధ్వనిని బట్టి త్రవ్వి ఇరువురును కలిసికొనిరి. నీరు ఊటనుండి కోనేటికి ప్రవహించెను. మొదటినుండి చివరకు సొరంగపు వాలు ఇంచుమించు 30 సెంటీమీటర్లు మాత్రమే. 1880లో ఆ నీటిలో దిగిన బాలుడొకడు గోడపై చెక్కిన అక్షరములను చూచెను. పనివారు కలిసికొనిన వృత్తాంతము ప్రాచీన హెబ్రీ లిపిలో అందు వ్రాయబడియున్నది. ఆ శాసనము నేడు ఇస్తాంబుల్ నగరపు పురావస్తుశాలలో నున్నది. అందు రాజు పేరు లేదు. రాయి తొలచిన పనివారి శ్రమ మాత్రమే యున్నది.

క్రీ.పూ. 701లో సన్హెరీబు దండెత్తి వచ్చెను. యూదా పట్టణములు ఒక్కొక్కటిగా కూలెను. ప్రాకారములు గల 46 పట్టణములను పట్టుకొంటినని అతడు మట్టి దిమ్మెలపై వ్రాయించుకొనెను. వానిలో లాకీషు గొప్ప కోట. అష్షూరీయులు రాళ్లు, మన్ను పోసి కోటగోడ మీదికి ఏటవాలు దిబ్బ కట్టి, దానిపై యంత్రములను నడిపి గోడను కూల్చిరి. ఆ దిబ్బ నేటికిని కలదు. ఆ ముట్టడిని సన్హెరీబు నీనెవె నగరమందలి తన భవనపు గోడలపై చెక్కించెను. చెరపట్టబడిన స్త్రీలు, పిల్లలు మూటలతో నడచిపోవు దృశ్యములు అందు కలవు. ఆ శిల్పఫలకములు లండను నగరమందలి బ్రిటిషు మ్యూజియములో నున్నవి.

ఈ వార్తలు విని హిజ్కియా ధైర్యము సడలెను. సన్హెరీబు కోరిన కప్పము చెల్లింప నొప్పుకొనెను. 300 టాలెంటుల వెండి, 30 టాలెంటుల బంగారము పంపవలసి వచ్చినట్లు బైబిలు చెప్పుచున్నది. టాలెంటనగా ఇంచుమించు 30 కిలోగ్రాముల తూకము. ఆ మొత్తమునకై తానే దేవాలయపు తలుపులకు తొడిగించిన బంగారపు రేకులను తానే ఒలిపించవలసి వచ్చెను. తండ్రి చేసిన పనినే కుమారుడును చేసెను. భక్తుడైనను అతడు మానవుడే. భయము అతనిని కూడ జయించెను. అయినను ఆ బంగారము శత్రువును సంతృప్తి పరచలేదు.

సన్హెరీబు లాకీషునుండి రబ్షాకే యను అధికారిని పెద్ద సేనతో యెరూషలేమునకు పంపెను. అతడు ప్రాకారము దగ్గర నిలిచి హెబ్రీ భాషలో బిగ్గరగా పలికెను. ఇతర దేశముల దేవతలు ఆ దేశములను కాపాడలేకపోయిరనియు, హిజ్కియా మాట నమ్మి మోసపోవలదనియు గోడమీది ప్రజలను హెచ్చరించెను. రౌతులను సమకూర్చుకొనగలిగినచో 2000 గుఱ్ఱములను తామే యిత్తుమని పరిహసించెను. అరామిక భాషలో మాటలాడుమని రాజోద్యోగులు వేడుకొనిరి. సామాన్యులు విని బెదరవలెననియే తాను వారి భాషలో చెప్పుచున్నానని అతడు బదులిచ్చెను. ప్రజలు రాజాజ్ఞ ననుసరించి ఒక్క మాటయు పలుకక ఊరకుండిరి. ఆ మౌనమే వారి మొదటి విజయము.

హిజ్కియా వస్త్రములు చింపుకొని గోనెపట్ట కట్టుకొనెను. యెషయా ప్రవక్త యొద్దకు మనుష్యులను పంపెను. భయపడవలదని ప్రవక్త వర్తమానమంపెను. మరల సన్హెరీబు నుండి బెదిరింపు లేఖ వచ్చెను. హిజ్కియా దానిని చదివి, దేవాలయమునకు పోయి, దేవుని సన్నిధిని ఆ లేఖను విప్పి పరచెను. అష్షూరు రాజులు దేశములను పాడుచేసిన మాట నిజమేయని ఒప్పుకొనెను. వారు కాల్చివేసిన దేవతలు కొయ్యయు రాయియు గాని దేవుళ్లు కారని చెప్పి, తన ప్రజలను రక్షింపుమని ప్రార్థించెను. ఈమారు అతని చేతిలో బంగారము లేదు. తనకని చెప్పుకొనదగిన బలమును లేదు. అతడు తెచ్చినది తన ఆపదను మాత్రమే.

ఆ రాత్రి దేవదూత అష్షూరీయుల దండులో 1,85,000 మందిని హతము చేసెననియు, సన్హెరీబు తిరిగి నీనెవెకు పోయెననియు బైబిలు చెప్పుచున్నది. సన్హెరీబు తన శాసనములలో హిజ్కియాను నగరమునందు నిర్బంధించితిననియు, అధికమైన కప్పము గొంటిననియు గర్వముగా చెప్పుకొనెను గాని, యెరూషలేమును పట్టుకొంటినని ఎచ్చటను చెప్పలేదు. 46 పట్టణములు కూలినను యెరూషలేము నిలిచెను. క్రీ.పూ. 681లో సన్హెరీబు తన కుమారుల కుట్రవలననే హతుడయ్యెను.

ముట్టడి కథ పిమ్మట బైబిలు మరియొక వృత్తాంతమును చెప్పుచున్నది. ఆ దినములలోనే హిజ్కియాకు పుండు లేచి మరణాంతకమైన వ్యాధి కలిగెను. ఇక బ్రతుకడని యెషయా తెలిపెను. హిజ్కియా ముఖమును గోడవైపు త్రిప్పుకొని కన్నీటితో ప్రార్థించెను. దేవుడు 15 సంవత్సరముల ఆయుస్సు పొడిగించెనని ప్రవక్త తిరిగివచ్చి చెప్పెను. అంజూరపు పండ్ల ముద్దను పుండుమీద వేయగా అతడు స్వస్థుడయ్యెను.

ఈ వార్త విని బబులోను రాజు కానుకలతో రాయబారులను పంపెను. బబులోను కూడ అష్షూరునకు శత్రువే. దూరదేశపు రాజు తన్ను మన్నించెనని హిజ్కియా హృదయము ఉప్పొంగెను. తన ఇంటిలోని వెండి బంగారములను, సుగంధద్రవ్యములను, ఆయుధశాలను సమస్తమును వారికి చూపెను. తన్ను స్వస్థపరచిన దేవుని మాట మాత్రము చెప్పినట్లు లేదు. యెషయా వచ్చి, వారు ఏమి చూచిరని అడిగెను. చూడనిది ఏదియు లేదని రాజు ఒప్పుకొనెను. ఆ సంపద యంతయు ఒకనాడు బబులోనునకు పోవుననియు, రాజవంశపు కుమారులు అచట సేవకులగుదురనియు ప్రవక్త పలికెను. హిజ్కియా తన దినములలో సమాధానముండును గదా యని సంతృప్తిపడెను. ప్రజలకొరకు కొండను తొలిపించిన రాజు, రాబోవు తరములవారి కష్టమును తలచి కన్నీరు పెట్టలేదు. శత్రువు గుమ్మము ముందున్నపుడు మోకరించినవాడు, మిత్రులు పొగడినపుడు జారిపడెను.

హిజ్కియా మరణించినపుడు యూదా ప్రజలందరు అతనిని ఘనముగా పాతిపెట్టిరి. 12 ఏండ్ల అతని కుమారుడు మనష్షే రాజై, తండ్రి తొలగించిన విగ్రహములను మరల నిలిపెను. క్రీ.పూ. 586 ప్రాంతమున బబులోనీయులు యెరూషలేమును కాల్చి, ఆలయపు సొత్తును కొల్లగొనిపోయిరి. ప్రవక్త మాట నెరవేరెను. అయినను హిజ్కియా పని వృథా కాలేదు. మనష్షే మనుమడైన యోషీయా రాజు ముత్తాత మార్గమునే మరల పట్టెను.

క్రైస్తవులు హిజ్కియా చరిత్రను భక్తితో చదువుదురు. మత్తయి సువార్తలోని యేసుక్రీస్తు వంశావళియందు అతని పేరు కలదు. యేసు పుట్టు గ్రుడ్డివానిని సిలోయము కోనేట కడుగుకొనుమని పంపగా అతడు చూపు పొందెనని యోహాను సువార్త చెప్పుచున్నది. ఆ కోనేటికి నీరు పారినది హిజ్కియా సొరంగము గుండనే. రాజు రాయబారులకు చూపి మురిసిన ధనము దోపిడి పాలయ్యెను. చీకటిలో పేరులేని పనివారిచేత అతడు త్రవ్వించిన కాలువలో నేటికిని నీరు ప్రవహించుచున్నది.

విశ్వాసమనగా పని మానుట కాదు. చేయగల పనినంతయు చేసి, చేయలేని దానిని దేవునికి అప్పగించుట. అట్టి విశ్వాసము ఆపదలో ఎంత అవసరమో, ఆపద గడచిన పిదప అంతకంటెను అవసరము. హిజ్కియా మొదటి సత్యమును తన విజయము వలనను, రెండవ సత్యమును తన పొరపాటు వలనను లోకమునకు నేర్పెను.