విలియం రాక్స్‌బర్గు

ఖమ్మము, భద్రాచలము సీమల అడవులలోను, గోదావరి వెంట తూర్పునకు సాగిన కొండలలోను సోమిద అను పెద్ద వృక్షము కలదు. దాని కలప ఎర్రనిది, మిక్కిలి గట్టిది, బెరడు చేదు. మన పల్లెలలో పుట్టిన ఈ పేరు నేడు ప్రపంచమందలి వృక్షశాస్త్ర గ్రంథములలో కానవచ్చుచున్నది. దానికి కారకుడు విలియం రాక్స్‌బర్గు.

రాక్స్‌బర్గు 1751లో స్కాట్లండు దేశమున జన్మించెను. ఎడింబరో నగరమున వైద్యమును, జాన్ హోప్ అను ఆచార్యుని యొద్ద వృక్షశాస్త్రమును అభ్యసించెను. 1776లో ఈస్టిండియా కంపెనీ వైద్యుడుగా చెన్నపట్టణము చేరి, 1781 ప్రాంతమున సామర్లకోటకు వచ్చెను. దండులోని రోగులకు చికిత్స చేయుట ఆయన ఉద్యోగము. తీరిక దొరికినప్పుడెల్ల మొక్కలను పరిశీలించెడివాడు. అచ్చట ఒక తోట వేసి, చుట్టుపట్ల నుండి మొక్కలను తెప్పించి పెంచెను. ప్రతి మొక్కకును ప్రజలు పెట్టుకొన్న తెలుగు పేరును, దాని ఉపయోగమును అడిగి వ్రాసికొనెడివాడు. ఈ దేశపు చిత్రకారుల చేత ఆకును, పువ్వును, కాయను వేరువేరుగా వ్రాయించెడివాడు.

1787 మే నెలలో ఘోరమైన తుపాను చెలరేగి, సముద్రము కోరంగి తీరమును ముంచివేసెను. వేలకొలది జనులు మరణించిరి. రాక్స్‌బర్గు ఏండ్ల తరబడి కూర్చుకొన్న సేకరణలు ఆ వెల్లువలో నశించెను. అయినను ఆయన నిరాశ చెందలేదు. మరల మొదటి నుండి పని ఆరంభించెను.

ఆ కాలమున చలిజ్వరము అసంఖ్యాకులను బలిగొనుచుండెను. దానికి మందు సింకోనా బెరడు. అది దక్షిణ అమెరికా నుండి సముద్రములు దాటి రావలెను, వెల అధికము. మన కొండలలోని సోమిద బెరడు ఆ కొరతను తీర్చునేమో యని రాక్స్‌బర్గు పరీక్షింపదొడగెను. 1793లో ఆ వృక్షమును వర్ణించి, జ్వరమును పారద్రోలునది అను అర్థము వచ్చు శాస్త్రీయ నామమును దానికి పెట్టెను. మరుసటి యేట ఎడింబరోలో ఆ బెరడును గూర్చి వైద్య సిద్ధాంతవ్యాసము వెలువడెను.

కాని సోమిద సింకోనాకు సాటి రాలేదు. 1820లో సింకోనా నుండి వేరుచేయబడిన క్వినైను సోమిదలో లేదు. అంతమాత్రమున ఆ శ్రమ వ్యర్థము కాలేదు. వినినదానిని వెంటనే నమ్మక, వెంటనే కొట్టివేయక, పరీక్షించి తేల్చుటయే కదా శాస్త్రము!

1793లో ఆయన కలకత్తా వృక్షోద్యానమునకు అధిపతి యయ్యెను. 1795 మొదలు కోరమండల తీరపు మొక్కలను గూర్చి 300 చిత్రములతో కూడిన ఆయన గ్రంథము వెలువడసాగెను. అది పూర్తి కాకమునుపే, 1815లో, ఆయన ఎడింబరోలో మరణించెను. కడపటి సంపుటము 1820లో ముగిసెను.

1830లో ఒక ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఆ వృక్షజాతికి సోమిద అనియే నామకరణము చేసెను. ఆ పేరు ఏ పండితుడును కల్పించినది కాదు. ఈ నేలపై బ్రతికిన సామాన్యులు పిలుచుకొన్నది. రాక్స్‌బర్గు వారిని అడిగెను, శ్రద్ధతో వినెను, వినినదానిని భద్రముగా వ్రాసియుంచెను.