స్లోకమ్ – శిథిలనౌక

ఆవిరియంత్రం తెరచాపను జయించిన కాలంలో బ్రతుకుతెరువు కోల్పోయిన నావికులలో జోషువా స్లోకమ్ ఒకడు. కెనడాలోని నోవాస్కోషియాలో 1844లో జన్మించినాడు. తండ్రి చేయించిన చెప్పులు కుట్టేపని నచ్చక బాల్యంలోనే సముద్రాన్ని ఆశ్రయించి, క్రమంగా కప్తాను పదవికి ఎదిగినాడు. 1884లో భార్య వర్జీనియా బ్యూనస్ ఎయిరిస్‌లో కన్నుమూసినది. 1887లో సొంత ఓడ అక్విడ్నెక్ బ్రెజిల్ తీరాన ధ్వంసమైనది. భార్య పోయినది, ఓడ పోయినది. విద్య మాత్రం మిగిలినది.

1892లో, తిమింగిలాల వేటనుండి విశ్రమించిన ఎబెన్ పియర్స్ అనే వృద్ధ కప్తాను అతనికొక నావను కానుకగా ఇచ్చినాడు. అమెరికాలోని ఫెయిర్‌హేవెన్‌లో, నీటికి దూరంగా పొలంలో గుడ్డ కప్పుకొని శిథిలమవుతున్న 'స్ప్రే' అది. పేరుకు నావ, అసలుకు కట్టెలమోపు. దానిని ముక్కలు చేయడానికే అతడు వచ్చినాడని ఊరివారు భావించినారు. స్లోకమ్ మాత్రం గొడ్డలి పట్టి సమీపంలోని ఓక్ చెట్టును నరికి వెన్నుదూలం చెక్కినాడు. పలకలు మార్చి, సందులలో దూది, నార కూరి, కొత్త స్తంభం నిలిపినాడు. పదమూడు నెలల శ్రమకు 553 డాలర్ల 62 సెంట్లు ఖర్చయినది. నావ పొడవు 37 అడుగులకు కొంచెం తక్కువ.

1895 ఏప్రిల్ 24న బోస్టన్ నుండి ఏకాకిగా బయలుదేరినాడు. మొరాకో తీరాన దొంగలపడవ తరుముతుండగా పెనుగాలికి చాపదూలం విరిగినది. అదే గాలికి దొంగల స్తంభమూ కూలి ప్రాణం దక్కినది. ఒంటివానికి పెద్ద చాప భారమని గ్రహించి, బ్యూనస్ ఎయిరిస్‌లో స్తంభాన్ని ఏడడుగులు, ముందుకొయ్యను సుమారు ఐదడుగులు తగ్గించినాడు. మెగెలన్ జలసంధిలో వెనుకవైపు చిన్నస్తంభం, చిన్నచాప అమర్చినాడు. ముందు తగ్గిన బలాన్ని వెనుక చాప సరితూచినది. పసిఫిక్‌లో ప్రవేశించగానే 1896 మార్చిలో తుపాను పెద్ద చాపను పీలికలు చేసి, నావను కేప్ హార్న్ వైపు తరిమినది. అతడు తిరిగి జలసంధి చేరి, సూదీ దారమూ పట్టి చాపలు బాగుచేసికొని మరల సాగినాడు.

ఆ శ్రమకు ఫలితం హిందూమహాసముద్రంలో కనిపించినది. థర్స్‌డే ద్వీపంనుండి కోకస్ కీలింగ్ వరకు 2,700 మైళ్లను ఇరవైమూడు దినాలలో దాటినప్పుడు, చుక్కాని పట్టినది మొత్తం మూడు గంటలకు మించలేదు. కట్టిన చుక్కానితో నావ తన దారి తానే నడిచినది.

46,000 మైళ్లు తిరిగి 1898 జూన్ 27న న్యూపోర్ట్ చేరినాడు. భూగోళాన్ని ఒంటరిగా చుట్టివచ్చిన మొదటి నావికుడు అతడే. 1900లో వెలువడిన అతని యాత్రాగ్రంథం లోకప్రసిద్ధమైనది. కాని కీర్తి మోకులను బిగించదు. చివరి సంవత్సరాలలో స్ప్రే సంరక్షణ సడలినదని చూచినవారు వ్రాసినారు. 1909 నవంబరులో, అరవైయైదేండ్ల వయసున, ఆ నావలోనే దక్షిణాభిముఖుడై వెడలిన స్లోకమ్ మరల కనిపించలేదు. న్యాయస్థానం 1924లో అతనిని మృతునిగా ప్రకటించినది. పొలంలో మట్టిపాలు కావలసిన నావ, తనకు ప్రాణంపోసిన చేతులతోనే సముద్రగర్భం చేరినది.