చంద్రగిరి ప్రభువు వేంకటపతిదేవరాయలు

1565వ సంవత్సరము జనవరి నెలలో రక్కసి తంగడి యుద్ధము జరిగెను. అళియ రామరాయలు రణభూమిలో మరణింపగా, ఆతని తమ్ముడు తిరుమలరాయలు ధనరాసులతో పెనుగొండ చేరెను. శత్రువులు విజయనగరమును కొల్లగొట్టి తగులబెట్టిరి. అచ్చటి రాజగృహములలో పెక్కింటికి అడుగుభాగము మాత్రమే రాయి, పైభాగమంతయు కొయ్య. మేడలు మండిపోగా రాతి అరుగులు మిగిలెను. నేడును హంపికి పోయినవారు ఆ యరుగులను చూడవచ్చును.

ఈ తిరుమలరాయల కుమారుడే వేంకటపతిదేవరాయలు. తండ్రి కాలమున నీతడు చంద్రగిరి సీమను పాలించెను. అన్నయగు శ్రీరంగరాయల అనంతరము 1586 ప్రాంతమున సింహాసన మెక్కెను. కొలది యేండ్లకే గోలకొండ సైన్యము పెనుగొండను ముట్టడించెను. దుర్గము లొంగలేదు. వానలకు కృష్ణ పొంగు కాలము సమీపించుటచే శత్రువులు మరలిపోయిరి. అయినను పగవారి సరిహద్దునకు చేరువనున్న పెనుగొండ రాజధానిగా నుండదగదని తలచి, రాయలు తాను బాగుగా నెరిగిన చంద్రగిరికి కొలువును మార్చెను.

చంద్రగిరి కోట యాదవరాయల నాటిది. కొండ దిగువను, కోట లోపల, విజయనగర రాజుల కాలపు రాజమహలు మూడంతస్తులతో నున్నది. చెంతనే రెండంతస్తుల రాణీమహలు. రాజమహలున రాయి, ఇటుక, సున్నము తప్ప కొయ్య వాడలేదు. దూలములు లేకున్న కప్పు నిలుచు టెట్లు? కమానులు పైబరువును ప్రక్కలకు పంచి మందమైన గోడల మీదుగా నేలకు దింపును.

ఆ గోడలకు వేరొక ప్రయోజనము గలదు. మండువేసవిలో కొండగుహ చల్లగా నుండునని పసులకాపరులందరు నెరుగుదురు. మందపు రాయి వేడిని మెల్లమెల్లగా పీల్చుకొనును. అది లోపలికి చేరునప్పటికి ప్రొద్దు వాలును. మహలు గోడలును అట్లే పనిచేయును. ముఖభాగమున కమానులు లోతుగా నుండుటచే నీడ నిలుచును, గాలి యాడును. పైకప్పున గోపురములవంటి శిఖరములు లేచి, వెనుకనున్న కొండతో పొత్తు కుదిరినట్లు కనబడును.

ఇట్టి కోటలో రాయలు కొలువు తీర్చెను. పండితులతో పాటు పడమటి దేశముల పాదిరీలును ఆతని సభకు వచ్చిరి. చిత్రలేఖనమన్న నాతనికి మక్కువ. సామంతుల తిరుగుబాటుల నణచి, వేలూరును గైకొని, కడపటి దినములలో నచ్చటినుండి యేలెను. 1614లో మరణించెను. పిమ్మట వారసుల నడుమ ఘోరమైన కలహము పుట్టి రాజ్యము సన్నగిల్లెను. తిరుమల ఆలయములో చేతులు జోడించి నిలిచిన ఆతని లోహప్రతిమ గలదు.

పదునేడవ శతాబ్ది నడుమ చంద్రగిరి గోలకొండవారి వశమయ్యెను. రాజమహలు మాత్రము చెక్కుచెదరలేదు. దానిలో భారత పురావస్తు శాఖవారు ప్రదర్శనశాలను నెలకొల్పిరి.